డ్యూటీలో కాలిన చెయ్యి: వీఆర్ఎస్ పెట్టాలా, మెడికల్ బోర్డుకి వెళ్లాలా? (చెన్నై)

వ్యాసర్పాడి లక్ష్మి

అందరికీ నమస్కారం. మా వారు ఇక్కడ చెన్నైలో లీడింగ్ ఫైర్‌మన్. 2001లో సర్వీసులో చేరారు. పోయిన ఏడాది షావుకారుపేటలో ఒక గోడౌన్ అంటుకుంటే వెళ్లారు. లోపల సిలిండర్ ఉందని ఎవరూ చెప్పలేదు. అది పేలి కుడిచెయ్యి, మెడ కాలాయి. కీల్పాక్ ఆసుపత్రి బర్న్స్ వార్డులో ఉంచి గ్రాఫ్టింగ్ చేశారు. ప్రాణానికి ఢోకా లేదు. కానీ కాలిన చర్మం ముడుచుకుపోయి బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి తగలవు. షర్టు గుండీలు నేనే పెడుతున్నాను. గ్లాసు పట్టుకోవాలంటే రెండో చెయ్యి కింద పెట్టాలి. ఇక నీళ్లు చిమ్మే హోస్ బ్రాంచ్ పట్టుకోవడం అనే మాటే లేదు.

సెలవు అయిపోవస్తోంది. "20 ఏళ్లు దాటాయి కదా, వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) పెట్టేయండి, పెన్షన్ వస్తుంది, ఈ బోర్డుల చుట్టూ తిరగడం ఎందుకు" అని తెలిసినవాళ్లు అంటున్నారు. ఫారం కూడా తెచ్చి ఇచ్చారు. ఆయన విసిగిపోయి పెట్టేస్తానంటున్నారు. పెద్దపిల్ల ప్లస్ టూ, చిన్నవాడు ఎనిమిది. ఇలాంటిది చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పెరంబూర్ పెద్దాయన

అమ్మా, ముందు ఆ ఫారం బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. ఆయన పెట్టేస్తానన్నా పెట్టనివ్వకండి.

నేను స్టేషన్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. గాయపడ్డ మావాళ్ల కాగితాలు చాలా చూశాను. మీ ముందు మూడు దారులున్నాయి. ఉద్యోగంలోనే ఉండి తేలిక పని తీసుకోవడం ఒకటి. మెడికల్ బోర్డు "ఇక ఏ పనికీ పనికిరారు" అంటే ఇన్‌వాలిడ్ పెన్షన్ మీద బయటికి రావడం రెండోది. గాయం డ్యూటీ వల్లే అయిందని తేలితే మామూలు పెన్షన్‌కి తోడు ఇచ్చే ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్ మూడోది. కేంద్రానికీ రాష్ట్రాలకీ దీనికి విడివిడిగా రూల్స్ ఉన్నాయి. వీఆర్ఎస్ ఈ మూడింటిలో ఏదీ కాదు. "నా అంతట నేను, నా ఇష్టంతో వెళ్తున్నాను" అని రాసిచ్చే కాగితం అది. అందులో సిలిండర్ ఉండదు, కాలిన చెయ్యి ఉండదు. ఆ తర్వాత డ్యూటీలో గాయపడ్డాను మొర్రో అంటే వినేవాడుండడు.

ఇప్పుడు అసలు పని చెప్తాను. గాయం డ్యూటీలోనే అయిందనడానికి మీ దగ్గర ఏ కాగితం ఉంది? ఊరంతా చూశారు అంటే చెల్లదు. నా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడి సంగతి చెప్తాను. వంటగ్యాస్ మంటలు ఆర్పబోయి కాలాడు. వెనక వచ్చిన అంబులెన్సులో బావమరిది ఎక్కాడు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఏమైందని అడిగితే ఆ కంగారులో "ఇంట్లో గ్యాస్ పేలింది సార్" అన్నాడు. ఎవరింట్లో అన్నది చెప్పలేదు. ఆక్సిడెంట్ రిజిస్టర్‌లో ఇంటి ప్రమాదమని పడింది. ఆ ఒక్క లైను ఫైలుని ఏళ్ల తరబడి తిప్పింది. చివరికి ఆదుకున్నది స్టేషన్ రికార్డు. కాల్ ఎన్ని గంటలకి వచ్చింది, ఏ బండి బయల్దేరింది, అందులో ఎవరెవరు ఎక్కారు, గాయపడ్డవాణ్ని ఎన్నింటికి పంపారు, అన్నీ అందులో ఉన్నాయి. ఆసుపత్రి టైము, స్టేషన్ టైము రెండూ కలిశాయి గనక బయటపడ్డాడు.

కాబట్టి రేపే వెళ్లి ఆసుపత్రి నుంచి ఏఆర్ (ఆక్సిడెంట్ రిజిస్టర్) కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ తెచ్చుకోండి. "హిస్టరీ" అన్నచోట ఏం రాశారో అక్షరం అక్షరం చదవండి. స్టేషన్ నుంచి ఆ రోజు ఫైర్ రిపోర్టు, టర్నవుట్ ఎంట్రీ (బండి బయల్దేరినప్పుడు రాసేది) కాపీలు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వడానికి నసిగితే ఆర్టీఐ. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

కోలార్ రమేష్, బెంగళూరు

అక్కా, నేను బెంగళూరులో ఫైర్ సర్వీసులోనే ఉన్నాను. నిచ్చెన మీంచి పడి మోకాలు పోయింది. కాలు మడిచి కూర్చోలేను, బరువు మొయ్యలేను. అయినా సర్వీసులోనే ఉన్నాను, కంట్రోల్ రూములో 101 కాల్స్ తీసుకుంటాను. జీతం, స్కేలు అలాగే ఉన్నాయి.

దీనికి ఆధారం 2016 వికలాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 20(4). సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చెయ్యలేకపోతే అదే స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టు ఇవ్వాలి. అలాంటి పోస్టు దొరక్కపోతే సూపర్‌న్యూమరరీ పోస్టు (ఉన్నవాటికి అదనంగా ఒకటి) పుట్టించి, సరైనది దొరికేవరకో రిటైర్మెంటు వయసు వరకో అందులో ఉంచాలి. దీనికి ముందు 1995 చట్టంలో సెక్షన్ 47 ఇదే చెప్పేది. కునాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2003లో తేల్చింది కూడా అదే. ఆయనకి అప్పటికే ఇన్‌వాలిడ్ పెన్షన్ ఇచ్చేశారు, అయినా ఆ రక్షణ పోదని చెప్పింది.

చాలామంది 40 శాతం సర్టిఫికెట్ లేకపోతే ఇది వర్తించదనుకుంటారు. 20(4)లో 40 శాతం అన్న మాటే లేదు. రిజర్వేషన్లకీ, పథకాలకీ అడిగే లెక్క అది.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని రకాల సంస్థలకి ఈ సెక్షన్ వర్తించకుండా ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. 2021 ఆగస్టులో కేంద్రం తన సాయుధ పోలీసు బలగాల పోరాట సిబ్బందికి అలాగే ఇచ్చింది. "మీది యూనిఫాం సర్వీసు, వర్తించదు" అని ఎవరైనా నోటితో అంటే, ఏ నోటిఫికేషన్, ఏ తేదీ అని కాగితం అడగండి.

మణలి శ్రీను

రమేష్ అన్న చెప్పింది నిజమే, కానీ చట్టంలో చదివినంత హాయిగా ఉండదు. నా సంగతి చెప్తాను, ఏ ఊరు ఏ ఆఫీసు అని అడక్కండి. వెన్నుకి దెబ్బ తగిలాక నన్నూ తేలిక పనిలో వేశారు. పని అంటే ఏమీ లేదు. గోడ పక్కన ఒక కుర్చీ. సైరన్ మోగితే నాతో చేరినవాళ్లంతా బూట్లు తొడుక్కుని పరిగెత్తేవాళ్లు, నేను రిజిస్టర్‌లో టైము రాసుకునేవాణ్ని. కొత్తగా వచ్చిన పిల్లలు "అన్నా టీ చెప్పవా" అనేవాళ్లు. ఇంటికొచ్చి పిల్లల మీద అరిచేవాణ్ని.

బోర్డుకి వెళ్లి ఇన్‌వాలిడ్ మీద వచ్చేశాను. డబ్బు తగ్గింది, నిజం. మనిషి బాగుపడ్డాడు, అదీ నిజం. లక్ష్మక్కా, బావగారిని ఒకసారి కూర్చోబెట్టి అడగండి, స్టేషన్లో కూర్చోగలరా అని. అందరి మనసూ ఒకటి కాదు.

పెరంబూర్ పెద్దాయన

శ్రీనూ, నువ్వన్నది కాదనను. కానీ నువ్వు వెళ్లింది బోర్డు ద్వారా. ఆ తేడా ఆమెకి అర్థం కావాలి. మనసు ఒప్పక బయటికొచ్చినా బోర్డు కాగితం చేతిలో పెట్టుకునే రావాలి.

ఇంకో మాట. 46, 47 ఏళ్ల మనిషి ఉద్యోగంలో ఉంటే ఇంక్రిమెంట్లు, కొత్త పే కమిషన్, పిల్లల చదువుకి లోను, అన్నీ నడుస్తాయి. ఆ లెక్క కూడా వేసుకుని నిర్ణయించుకోండి.

ఆవడి ఫైర్

నేను కేంద్రం వైపు సివిలియన్ ఫైర్ సిబ్బందిలో ఉన్నాను. నేను చెప్పే అంకెలు కేంద్ర ఉద్యోగులవి, లక్ష్మిగారికి వాళ్ల రాష్ట్రం రూల్స్ చూడాలి. అయినా లెక్క నడిచే తీరు తెలుస్తుంది.

1939 నాటి ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్ రూల్స్ స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. వైకల్యం ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి ఎ నుంచి ఇ వరకు కేటగిరీలు. ఎ అంటే ఉద్యోగంతో సంబంధం లేనిది. బి అంటే పని పరిస్థితుల వల్ల వచ్చిన జబ్బు. సి అంటే డ్యూటీ చేస్తుండగా జరిగిన ప్రమాదం, మంటల్లో కాలినవాళ్లు ఇందులోకి వస్తారు. డి, ఇ ఉగ్రవాద దాడులు, యుద్ధం లాంటివి.

బి, సి కేటగిరీల్లో నూరు శాతం వైకల్యానికి డిసేబిలిటీ భాగం బేసిక్‌లో 30 శాతం. బోర్డు బయటికి పంపినప్పుడు శాతాన్ని పైకి సర్దుతారు. 50 లోపు ఏదైనా 50 కింద, 50 నుంచి 75 దాకా 75 కింద, ఆపైన 100 కింద. బేసిక్ 60,000 అనుకోండి. మామూలు పెన్షన్ సగం, అంటే 30,000. బోర్డు 40 శాతం రాస్తే 50 కింద లెక్క, కాబట్టి 18,000లో సగం 9,000 అదనం. మొత్తం 39,000, దాని మీద డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం). అదే మనిషి వీఆర్ఎస్ రాసిస్తే ఆ 9,000 ఊసే ఉండదు, నెలనెలా, జీవితాంతం.

ఉద్యోగంలోనే ఉంచితే డిసేబిలిటీ భాగానికి బదులు ఒకేసారి కొంత మొత్తం ఇస్తారు. దాన్ని అడిగి తీసుకున్నవాళ్లు మావైపు తక్కువ, ఉందని తెలియకే.

సెలవు గురించి కూడా. కేంద్రంలో ఇప్పుడు డ్యూటీ గాయానికి వేరే సెలవు ఉంది. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు పూర్తి జీతం, బయటికొచ్చాక ఆరు నెలలు పూర్తి జీతం, తర్వాత 12 నెలలు సగం. ఇది మీ సొంత సెలవుల్లోంచి పోదు. రాష్ట్రాల్లో పాత పేరుతో స్పెషల్ డిసేబిలిటీ లీవ్ అంటారు. లక్ష్మిగారూ, మీ వారికి ఇప్పటిదాకా ఏ సెలవు రాశారో చూశారా? ఈఎల్ (సంపాదించుకున్న సెలవు), మెడికల్ లీవు తినేస్తుంటే మార్చమని అర్జీ పెట్టండి.

వ్యాసర్పాడి లక్ష్మి

చూశాను అన్నా. మొత్తం ఈఎల్, మెడికల్ లీవే రాశారు. ఆ స్పెషల్ లీవు మాట ఇప్పుడే వింటున్నాం. ఆయన మీ పోస్టులన్నీ ఫోన్లో చదివించుకుని విన్నారు. ఆ తొమ్మిది వేల లెక్క దగ్గర మళ్లీ చదవమన్నారు.

పెన్షన్ సుబ్బారావు

అమ్మా, మీ వారు 2001లో చేరారు గనక ఒక పెద్ద గండం తప్పింది. ఇది చదివే మిగతావాళ్లు మొదట చూసుకోవలసింది చేరిన తేదీ. తమిళనాడులో 1-4-2003 నుంచి, కేంద్రంలో 1-1-2004 నుంచి, ఉమ్మడి ఆంధ్రలో 1-9-2004 నుంచి, కర్ణాటకలో 1-4-2006 నుంచి చేరినవాళ్లు కొత్త పెన్షన్ కిందికి వెళ్లారు. వాళ్లకి ఇన్‌వాలిడ్ పెన్షన్ సంగతి రాష్ట్రాన్ని బట్టి, జీవోని బట్టి మారుతుంది. పక్క రాష్ట్రంలో మేనమామకి వచ్చింది కదా అని ధీమాగా ఉండకండి. కేంద్రంలో మాత్రం 2021 రూల్స్ ప్రకారం, ఉద్యోగి చనిపోయినా వైకల్యంతో బయటికొచ్చినా పాత పెన్షన్ కావాలో కొత్త పెన్షన్ (ఎన్‌పీఎస్) కావాలో ముందే ఆప్షన్ ఇవ్వొచ్చు. ఆ ఫారం నింపారో లేదో చాలామందికి గుర్తే ఉండదు. పదేళ్లు నిండకుండానే వైకల్యం వచ్చినవాళ్లకీ ఇన్‌వాలిడ్ పెన్షన్ వచ్చేలా 2019 జనవరిలో కేంద్రం రూల్ మార్చింది, అదీ గుర్తుంచుకోండి.

కమ్యుటేషన్ గురించి, అంటే పెన్షన్‌లో కొంత భాగాన్ని ఒకేసారి డబ్బుగా తీసుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. మామూలుగా రిటైరైతే ఏడాది లోపు మెడికల్ పరీక్ష లేకుండా కమ్యూట్ చేసుకోవచ్చు. ఇన్‌వాలిడ్ పెన్షన్ మీద వస్తే పరీక్ష తప్పదు. పిల్ల కాలేజీ ఫీజుకి ఆ డబ్బే దిక్కు అనుకుంటే ఈ ఆలస్యాన్ని లెక్కలో పెట్టుకోండి.

జీతం ఏ బ్యాంకులో పడుతుందో అక్కడికీ ఒకసారి వెళ్లండి. శాలరీ ప్యాకేజీ ఖాతాలకి ప్రమాద బీమా ఉంటుంది, చాలా వాటిలో శాశ్వత వైకల్యం కూడా కలిపి ఉంటుంది. ఆ క్లెయిముకి గడువు ఉంటుంది.

మారతహళ్లి నుంచి మధు

గవర్నమెంటువాళ్ల గొడవ చదువుతుంటే కుళ్లు పుడుతోంది. నేను ఇక్కడ ఒక టెక్ పార్కులో ఫైర్ సేఫ్టీ, కాంట్రాక్టు ఏజెన్సీ కింద. మాక్ డ్రిల్లో పంపు గది దగ్గర జారి మణికట్టు విరిగింది, సరిగ్గా అతకలేదు. ఏజెన్సీ వాళ్లు "చికిత్స ఖర్చు ఇచ్చాం కదా" అని చేతులు దులుపుకున్నారు. మాలాంటివాళ్లకి ఏమైనా ఉందా?

ఆవడి ఫైర్

ఉంది మధూ. ముందు మీ జీతంలో ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) కోస్తున్నారా చూడండి. నెలకి 21,000 లోపు అయితే కొయ్యాలి. కోస్తుంటే పని చెయ్యలేని కాలానికి జీతంలో 90 శాతం లెక్కన వస్తుంది. అవిటితనం శాశ్వతమైతే ఈఎస్‌ఐ మెడికల్ బోర్డు సంపాదన ఎంత శాతం తగ్గిందో తేల్చి, దాని ప్రకారం నెలనెలా ఇస్తారు. ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే షరతు ఈ గాయాలకి లేదు.

ఈఎస్‌ఐ లేకపోతే పరిహారం కేసు. 1923 నాటి చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, అగ్నిమాపక సిబ్బంది ఆ పాత చట్టం జాబితాలోనే ఉన్నారు. పాత చట్టంలో లెక్క ఇది. పూర్తి శాశ్వత వైకల్యానికి జీతంలో 60 శాతాన్ని వయసు ఫ్యాక్టర్‌తో గుణిస్తారు. జీతం ఎంతున్నా 15,000కి మించి లెక్కలోకి తీసుకోరు. 40 ఏళ్లవాడికి ఫ్యాక్టర్ 184.17. అంటే 9,000 ఇంటూ 184.17, 16,57,530. సంపాదనశక్తి 40 శాతం పోయిందంటే అందులో 40 శాతం, 6,63,012. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ. "ఆసుపత్రి ఖర్చు ఇచ్చాం" అన్నది దీనికి జవాబు కాదు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకి మాత్రం ఇది రాదు, రెండూ కలిపి తీసుకోకూడదు.

మారతహళ్లి నుంచి మధు

కోస్తున్నారు! పేస్లిప్పులో ఉంది. థాంక్స్ అన్నా, ఇంతకాలం జ్వరానికి మందులిచ్చే చోటనుకున్నాను దాన్ని.

కొళత్తూర్ కుమారి

మధ్యలో అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మా నాన్న ఫైర్ సర్వీసులోనే 30 ఏళ్లు చేశారు. కాలిన గాయం ఒక్కటీ లేదు, కానీ ఆయాసం. మెట్లెక్కలేరు. పొగ వల్లే అంటారు. దీనికేమైనా వస్తుందా?

పెరంబూర్ పెద్దాయన

అమ్మా, నిజం చెప్పాలంటే ఇది గాయం కంటే కష్టం. మా రోజుల్లో బీఏ సెట్టు (పొగలో ఊపిరి పీల్చుకునే పరికరం) బండికి ఒకటో రెండో ఉండేవి, అవీ సీనియర్లు పెట్టుకునేవాళ్లు. మిగతావాళ్లం తడిపిన తువ్వాలు మూతికి కట్టుకుని దూరేవాళ్లం. ప్లాస్టిక్ గోడౌన్ ఆర్పి వచ్చాక మూడు రోజులు నల్లటి కళ్లె పడేది. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అగ్నిమాపక వృత్తినే క్యాన్సర్ కారకాల్లో మొదటి గ్రూపులో చేర్చింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఫైర్‌మన్‌కి కొన్ని రకాల క్యాన్సర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బు వస్తే అది ఉద్యోగం వల్లే వచ్చిందని ముందే అనుకుంటారు, కాదని తేల్చే బాధ్యత యజమానిది. ఇక్కడ ఆ బరువంతా మన నెత్తిన. నాన్నగారు సర్వీసులో చేరినప్పటి మెడికల్ ఫిట్‌నెస్ కాగితం సర్వీస్ రిజిస్టర్‌లో ఉంటుంది. అప్పుడు ఊపిరితిత్తులు బాగున్నాయనడానికి అదే ఆధారం. ఛెస్ట్ డాక్టరు దగ్గర ఊపిరి పరీక్ష చేయించి, "వృత్తి వల్ల వచ్చి ఉండొచ్చు" అన్న మాట రాయించుకోండి. ఆయన ఎప్పుడైనా పొగ తాగేవారా? ఉంటే బోర్డు మొదట పట్టుకునేది దాన్నే.

సర్వీసులో ఉన్న పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే, పొగలో తల తిరిగి పడ్డా సరే, ఆ రోజే ఆసుపత్రి చీటీ రాయించుకోండి. మజ్జిగ తాగి ఇంటికి పోకండి.

కోలార్ రమేష్, బెంగళూరు

లక్ష్మక్కా, ఒకవేళ బాగా మొండికేస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్తాను. మొదట రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు, దానికి లాయరు అక్కర్లేదు. మా కర్ణాటకలో సర్వీసు తగాదాలకి రాష్ట్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉంది. తమిళనాడులో అలాంటి ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు, నేరుగా మద్రాస్ హైకోర్టే. ముందు అర్జీ మాత్రం రాతపూర్వకంగా, సెక్షన్ పేరు రాసి, అందినట్టు సీలు వేయించుకుని ఇవ్వండి. కోర్టులో మొదట అడిగేది ఆ కాపీనే.

వ్యాసర్పాడి లక్ష్మి

ఏఆర్ కాపీ వచ్చింది. పెద్దాయన చెప్పినట్టు అక్షరం అక్షరం చదివాం. "గోడౌన్‌లో సిలిండర్ పేలి" అని ఉంది, ఫైర్ డ్యూటీలో అని లేదు. తెచ్చి చేర్పించినవారి పేరు దగ్గర మా వారి డ్రైవర్ పేరు, హోదాతో సహా ఉంది. ఫైర్ రిపోర్టుకి అర్జీ ఇచ్చాం. సెలవు మార్చమని ఇంకోటి ఇచ్చాం. వీఆర్ఎస్ ఫారం తెచ్చినాయనకి, బోర్డు తర్వాత చూద్దామని మా వారే ఫోన్ చేసి చెప్పారు. తేలిక పనా, బయటికి రావడమా అన్నది ఆయన ఇంకా తేల్చుకోలేదు.

ఒక చిక్కు. కుడిచేత్తో సంతకం రావడం లేదు. ఎడమచేత్తో పెడితే అర్జీ తీసుకునేచోట పాత సంతకంతో కలవడం లేదన్నారు. ఏం చెయ్యాలి?

పెరంబూర్ పెద్దాయన

డ్రైవర్ పేరు హోదాతో పడిందా, చాలు, బంగారం. టర్నవుట్ ఎంట్రీలో అదే పేరు అదే బండి మీద ఉంటుంది. రెండూ ఒకదాని వెనక ఒకటి కుట్టి పెట్టండి.

పెన్షన్ సుబ్బారావు

సంతకానికి కంగారు పడకండి. సంతకం పెట్టలేనివాళ్లు పెన్షన్ కాగితాల మీద ఎడమచేతి వేలిముద్రలు వెయ్యొచ్చు, గెజిటెడ్ అధికారి ధృవీకరించాలి. ఎడమచేత్తోనే సంతకం కుదిరితే ఇంకా మంచిది, కానీ ఇప్పుడే ఒకటి ఖాయం చేసుకుని రోజూ అదే రాయమనండి. కుడిచెయ్యి వాడలేరని డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, కొత్త సంతకం నమూనా సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కించమని అర్జీ పెట్టండి. అదే సర్టిఫికెట్ కాపీతో బ్యాంకులోనూ మార్పించండి. బోర్డుకి వెళ్లకముందే ఇది అయిపోవాలి, లేకపోతే పెన్షన్ కాగితాలు ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసు నుంచి సంతకం దగ్గరే తిరిగొస్తాయి.